నాయనమ్మ పక్కన గుంట

ఇప్పుడు నేను మెట్లు ఎక్కగలుగుతున్నాను. పట్టుకోవడానికి గోడ ఉండాలి, తొందరపెట్టే మనిషి వెనక ఉండకూడదు. అంతే. చెంచా జారిపోకుండా అన్నం తింటున్నాను. ఇది నా చేత్తోనే రాస్తున్నాను. అక్షరాలు కాస్త కుడివైపుకి ఒరిగిపోతున్నాయి గాని, చదవడానికి వీలుగానే ఉన్నాయి. పోయిన ఏడాది ఈ రోజుల్లో కనురెప్పలు తప్ప ఒంట్లో ఏదీ నా మాట వినేది కాదు.

నలుగురిలో మాట్లాడాలంటే నాకు చిన్నప్పటి నుంచీ గొంతు పట్టేస్తుంది. రాయడమైతే పరవాలేదు. ఆసుపత్రి వరండాలో చాప పరుచుకుని, లోపలున్న మనిషి కోసం ఎదురుచూసేవాళ్ళకి ఇది చేరితే బాగుండునని ఉంది. చేరితే ఒక్క పని చెయ్యండి. లోపలికి వెళ్ళినప్పుడు మెల్లగా మాట్లాడినా సరే, మంచి మాటే మాట్లాడండి. కళ్ళు మూసుకుని ఉన్నవాళ్ళకి ఏమీ తెలియదనుకుంటారు. అన్నీ వినపడతాయి.

పిందెలు నిలిచిన రోజులు

మా ఊరు నూజివీడు నుంచి ముసునూరు వెళ్ళే దారిలో ఉంది. నాన్న పేరు యేసుదాసు, ఊరంతా దాసు అంటారు. మామిడి అంట్లు కట్టడం ఆయన పని. అమ్మ పేరు కరుణ. విస్సన్నపేట తోటల మధ్య పుట్టి పెరిగింది. చర్చిలో ఆడవాళ్ళకి పాటలు నేర్పేది తనే. ఇంట్లో మాటలన్నీ అమ్మవే. "మా అన్నయ్య వంతు మాటలు కూడా వదినే వాడేస్తది," అని మా మేనత్త సువార్త నవ్వుతుంది. అమ్మానాన్నలకి నేనొక్కదాన్నే. నా పేరు సలోమి. ఊళ్ళో స్కూల్లో చిన్నపిల్లలకి చదువు చెబుతాను. పిల్లల ముందు మాత్రం నా గొంతు బాగానే పలుకుతుంది.

ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమదినాల్లో మా చర్చి సంఘంలో రోజూ సాయంత్రం ఒక్కో ఇంట్లో ప్రార్థన పెడతారు. అంతకుముందు వారం నాకు జ్వరం, విరేచనాలు వచ్చి తగ్గాయి. ఒంట్లో ఇంకా నీరసంగా ఉన్నా, అత్త వాళ్ళింట్లో ప్రార్థనని వెళ్ళాను. ఆఖరి పాటకి అందరూ లేచి నిలబడ్డారు. నేను లేవలేకపోయాను. లేవాలని అనుకుంటున్నాను, కాళ్ళు చాప మీద అలాగే ఉన్నాయి, ఎవరివో అన్నట్టు.

"పాస్టరుగారి ప్రసంగానికి సలోమి కాళ్ళు నిద్రపోయినయ్," అంది అత్త. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అత్త చెయ్యి పట్టి లేపింది.

తెల్లారి స్కూలుకి వెళ్తూ వెనక్కి తిరిగి చూస్తే నా కుడికాలి చెప్పు గేటు దగ్గరే ఉండిపోయింది. చెప్పు జారిపోయిన సంగతే నాకు తెలియలేదు. ఉత్త పాదంతో కంకర మీద అంత దూరం నడిచాను. ఆ చెప్పుని చూసినప్పుడు పట్టుకున్న భయం, తర్వాత ఆసుపత్రిలో ఏ మిషను చప్పుడు విన్నా పట్టుకోలేదు.

మధ్యాహ్నానికి మోకాళ్ళు, మర్నాటికి నడుము. వరద నీళ్ళు మెట్టు మెట్టూ ఎక్కినట్టు తిమ్మిరి పైకి వచ్చింది. నూజివీడులో చూసిన డాక్టరు వెంటనే విజయవాడ తీసుకెళ్ళమన్నారు. కారు ఆగిరిపల్లి దాటేసరికి నా చేతులు కూడా బరువెక్కాయి. రోడ్డుకి అటూ ఇటూ తోటలు. పిందెలు గోళీలంత అయ్యాయి. నాన్న ముందు సీట్లో కూచుని వాటిని చూడకుండా వెనక్కి తిరిగి నన్నే చూస్తున్నాడు. నాన్న తోటని చూడకుండా ఆ దారిన వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు.

పెద్ద డాక్టరుగారు అమ్మానాన్నలకి నా మంచం పక్కనే నిలబడి చెప్పారు. "జ్వరంతో పోరాడాల్సిన శక్తి ఈ అమ్మాయి నరాల మీదే తిరగబడింది. ఇది తగ్గే జబ్బేనండీ. చాలామంది లేచి నడుస్తారు. కానీ తగ్గేదాకా ఊపిరి నిలబెట్టుకోవాలి. అదే కష్టం."

ఈస్టర్‌కి వారం ముందు, మట్టల ఆదివారానికి నా గొంతులో గొట్టం పడింది. ఊపిరి మిషను తీసుకుంటోంది. ఒకసారి రెప్ప వేస్తే అవును, రెండుసార్లు వేస్తే కాదు. ఇక నాకున్న మాటలు ఆ రెండే.

కిటికీ లేని గది

ఆ గదిలో ఎప్పుడూ ఒకటే వెలుతురు. పొద్దునో సాయంత్రమో తెలియదు. ఒక సిస్టరు మాత్రం డ్యూటీకి రాగానే నా చెవి దగ్గరికి వంగి, "బయట తెల్లారింది సలోమీ, ఎండ బాగా కాస్తోంది," అని చెప్పేది. ఎవరూ చెప్పమనలేదు. ఆ అమ్మాయి పేరు కూడా నాకు తెలియదు.

బయట వరండాలో చాపల మీద మావాళ్ళుండేవాళ్ళు. రోజుకి రెండుసార్లు, ఒక్కొక్కళ్ళనే కాసేపు లోపలికి పంపేవాళ్ళు. అమ్మ వస్తే ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేది, పాట పాడేది, ప్రార్థన చేసేది, నా తల నిమిరేది, మధ్యలో ఏడ్చి, "ఏడవట్లేదులే, జలుబు," అనేది. నాన్న వస్తే ఏమీ మాట్లాడేవాడు కాదు. నా చెయ్యి తీసుకుని, బొటనవేలి గోరు గట్టిగా నొక్కి, వదిలి, దాన్నే చూస్తూ నిలబడేవాడు. తర్వాత చెయ్యి జాగ్రత్తగా పక్క మీద పెట్టి వెళ్ళిపోయేవాడు. ఎందుకలా చేస్తాడో నాకు అర్థమయ్యేది కాదు. అడగడానికి నాకు మాట లేదు.

ఈస్టర్ ముందు శనివారం మా సంఘంలో ప్రతి కుటుంబమూ సమాధుల తోటకి వెళ్తుంది. గడ్డి పీకి, సమాధులకి సున్నం వేసి, నీలిమందుతో సిలువ గుర్తు దిద్దుతారు. మా సమాధుల్లో తల పడమటికి, కాళ్ళు తూర్పుకి ఉంటాయి. ప్రభువు వచ్చిన పొద్దున లేచి కూచుంటే ఎదురుగా తూర్పే కనపడాలని. చిన్నప్పుడు నేను నాయనమ్మని అడిగాను, అంతమంది ఒక్కసారే లేస్తే తోపులాట అవదా అని. "అందుకేగా ఇంత ఎడం వదిలి పూడుస్తారు," అంది నాయనమ్మ. ఇప్పుడు తనూ అక్కడే ఉంది. పక్కన మా కుటుంబానికని వదిలిన ఖాళీ చోటు ఉంది.

ఆ శనివారం పొద్దున్నే నాన్న ఊరికెళ్ళి, నాయనమ్మ సమాధికి సున్నం వేసి, మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. సాయంత్రం అత్త అమ్మని బలవంతంగా ఇంటికి పంపింది. "ఒక్కపూట వెళ్ళి తలస్నానం చేసి రా వదినా. తెల్లారగట్ట ఆరాధనలో పదిమందితో కలిసి దీనికోసం మొర పెట్టుకో. ఇక్కడ నేనుంటాగా."

ఈస్టర్ తెల్లవారింది. సిస్టరు వంగి చెప్పింది. నేను కళ్ళు మూసుకుని మా సమాధుల తోటని ఊహించుకున్నాను. కొవ్వొత్తులు, బంతిపూలు, తడి మట్టి, ముందు నడుస్తూ పాట ఎత్తుకునే అమ్మ. ఆ గదిలో తూర్పు ఎటో నాకు తెలియలేదు. ఎవరినీ అడగలేను. ఆ పూట నేను ఏడ్చింది దానికే. ఇప్పుడు తలుచుకుంటే చిన్న విషయంలా ఉంటుంది.

మగ్దలేనే మరియ గురించి ఆలోచించాను. ఆమె సమాధి దగ్గర ఏడుస్తూ నిలబడి, సమాధిలోంచి లేచి ఎదురుగా నిలబడ్డ ప్రభువుని చూసి తోటమాలి అనుకుంది. సండే స్కూల్లో ఆ కథ విన్నప్పుడల్లా నాకు నవ్వొచ్చేది. అంత బాగా తెలిసిన మనిషిని ఎలా పోల్చుకోలేకపోయింది అని.

ఆ మధ్యాహ్నం

సమాధుల తోటలో జరిగింది తర్వాత అమ్మే చెప్పింది. ఇంకా చీకటి పూర్తిగా విడలేదు. కొవ్వొత్తి పట్టుకుని నాయనమ్మ సమాధి దగ్గరికి వచ్చేసరికి, పక్కన ఖాళీ చోటులో గుంట కనపడింది. కొత్తగా తవ్విన గుంట. పక్కన మట్టి కుప్ప. అమ్మ చేతిలో కొవ్వొత్తి కింద పడిపోయింది. పాట ఆగిపోయింది. వెనక వస్తున్న ఆడవాళ్ళు కూడా చూశారు. అమ్మ ఆరాధనకి ఆగకుండా, పూలు అక్కడే పడేసి, మొదటి బస్సుకి విజయవాడ వచ్చేసింది.

పండుగ కదా అని ఆ రోజు సిస్టరు అమ్మానాన్నలిద్దరినీ కలిపి లోపలికి పంపింది. నేను కళ్ళు మూసుకుని ఉన్నాను. నిద్రపోతున్నాననుకున్నారు.

"అత్తమ్మ పక్కన గుంట ఎవరు తవ్వారండీ?" అంది అమ్మ.

నాన్న నా దుప్పటి అంచు సర్దాడు.

"మిమ్మల్నే. మీరేనా?"

"నేనే."

"ఎవరికి?"

మిషను రెండుసార్లు ఊపిరి తీసింది.

"ఎవరికండీ? నోరు తెరిచి చెప్పండి. మీ నోటితోనే చెప్పండి."

"బయటికి పద కరుణా. దీనికి వినపడుద్ది."

అమ్మ వెళ్ళిపోయింది. నాన్న ఉండిపోయాడు. నా చెయ్యి తీసుకుని బొటనవేలి గోరు నొక్కాడు. వదిలాడు. చూశాడు.

ప్రాణం పోయిందో లేదో చూస్తున్నాడనుకున్నాను.

మా నాన్న అబద్ధం చెప్పగా నేను వినలేదు. ఒక మొక్క బతకదంటే అది బతకదు. అంట్లు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా ఆయన వద్దన్న మొక్క ముట్టుకోరు. అలాంటి మనిషి గునపం పట్టాడంటే, ఇక నాలో ఏమీ లేదనేగా. డాక్టరుగారు తగ్గుతుందన్నారు, అమ్మ తగ్గుతుందని ప్రార్థన చేస్తోంది, సిస్టరు తెల్లారిందని చెబుతోంది. వాళ్ళందరి మాటా ఒక వైపు, ఆ గుంట ఒక వైపు. నాకు గుంటే బరువుగా తూగింది. ఆ తర్వాత కొన్నాళ్ళు, సిస్టరు పలకరించినా నేను కళ్ళు తెరవలేదు.

వరండా

వరండాలో మావాళ్ళ పక్క చాప వెంకాయమ్మది. ముసునూరు దగ్గర తోటల్లో కూలి పనికి వెళ్తుంది. వాళ్ళాయన వెంకటేశ్వర్లు కాయ కోస్తూ చెట్టు మీది నుంచి పడ్డాడు. ఆయన కూడా లోపలే ఉన్నాడు, నాకు అవతలి వరసలో. వెంకాయమ్మ మా అమ్మకి దుప్పటి ఇచ్చింది, ఏ కుళాయిలో నీళ్ళు సన్నగా అయినా వస్తాయో చూపించింది, అమ్మ ఏడుస్తుంటే వెన్ను రాసింది.

వరండా సంగతులన్నీ తర్వాత అమ్మ చెప్పినవే. ఈస్టర్ తర్వాత అమ్మ నాన్నతో మాట్లాడడం మానేసింది. చాప ఒకటే, డబ్బాలో అన్నం ఒకటే, మాట లేదు. మధ్యలో వెంకాయమ్మ.

"వెంకాయమ్మా, పెరుగన్నం ఉంది, తినమని చెప్పు."

"అయ్యా, పెరుగన్నం ఉందంట, తినమంటంది."

"నాకు వద్దని చెప్పు."

"వద్దంట. అమ్మా, ఆయన ఇక్కడే ఉన్నాడు, నీకూ వినపడింది. నాకు ఇద్దరి మధ్యన కూచుని ఈ రాయబారాలు ఏందమ్మా? ఉన్నోళ్ళు కొట్టుకోండి, మాట్టాడుకోండి. మా ఆయన లేచి నన్ను ఒక్క తిట్టు తిడితే చాలని నేను చూస్తన్నా."

ఆ మాటకి అమ్మ డబ్బా మూత తీసి నాన్న ముందుకి జరిపిందట. మాట మాత్రం కలపలేదు.

నా ఒళ్ళు నెమ్మదిగా, ఎవరికీ చెప్పకుండా తిరిగొచ్చింది. నేను నమ్మకం పెట్టుకున్నందుకు కాదు. ఆ సంగతి దాచను. నేను ఆశ వదిలేసి పడుకున్న రోజుల్లోనే అది మొదలైంది. ముందు భుజం కదిలింది. తర్వాత మిషను లేకుండా కాసేపు ఊపిరి తీసుకున్నాను. మే నెల నడిమికి నన్ను కిటికీ ఉన్న వార్డుకి మార్చారు. అక్కడ ఒక పొద్దున నా పాదాల మీద ఏదో వెచ్చగా అనిపించింది. వేడినీళ్ళ సంచి పెట్టారనుకున్నాను. తల కాస్త ఎత్తి చూస్తే, ఎండ. తూర్పు కిటికీ లోంచి సూటిగా నా కాళ్ళ మీద పడుతోంది. నా కాళ్ళు తూర్పుకే ఉన్నాయి.

వెంకటేశ్వర్లు లేవలేదు. ఆయన పోయిన రోజు వెంకాయమ్మ వార్డులోకి వచ్చి నన్ను చూసింది. అంతవరకు, లోపలికొచ్చి వాళ్ళాయన్ని పలకరించే ఆమె గొంతే విన్నాను, మనిషిని చూడలేదు. నా తల మీద చెయ్యి పెట్టి, "లేచి తిరుగు తల్లీ. మా ఆయన తిరగాల్సింది కూడా నువ్వే తిరుగు," అంది. అమ్మ ఆమెని పట్టుకుని వదల్లేదు. మాకు ప్రార్థన చెయ్యడం కూడా చేతకాలేదు. అమ్మ ఆమె చాప చుట్టి, సంచి సర్ది, ఆటో దాకా మోసుకెళ్ళింది.

గొంతులోంచి గొట్టం తీశాక నాకు మాట వచ్చింది. నీళ్ళు అడిగాను. అమ్మని పిలిచాను. నాన్నని గుంట గురించి మాత్రం అడగలేదు. నాలుక చివరి దాకా వచ్చేది. అవునంటాడేమోనని భయం.

తొలకరి

జూన్‌లో చక్రాల కుర్చీతో ఇంటికొచ్చాను. అప్పటికి అమ్మ నాన్నతో అవసరానికి మాత్రం మాట్లాడుతోంది. మొదటి వాన పడిన మర్నాడు నాన్న నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"సలోమీ, సమాధుల తోటకి వెళ్దాం. పనుంది."

వంటింట్లోంచి అమ్మ బయటికొచ్చింది. "నడవలేని పిల్లని అక్కడికి దేనికండీ?"

"నువ్వూ రా."

నాకు వెళ్ళాలని లేదు. అయినా వెళ్తానన్నాను. ఆ గుంట నేను చూడాలి. చూడకపోతే అది రోజూ నా మంచం పక్కనే ఉంటుంది.

ట్రాలీ ఆటోలో నా కుర్చీ ఎక్కించి, పక్కన రెండు గంపల పశువుల ఎరువు, ఒక మామిడి అంటు పెట్టాడు. దారిలో ఎవరి పొలానికో ఇవ్వడానికని అనుకున్నాం. తోట గేటు దగ్గర సంఘపెద్ద రత్నంగారు తాళం తీసి నిలబడ్డారు. ఆయన నన్ను చూసి నవ్వారు గాని, అమ్మ వైపు చూడలేదు.

కుర్చీ చక్రాలు తడి మట్టిలో దిగబడుతుంటే నాన్న నన్ను నాయనమ్మ సమాధి దాకా తోసుకెళ్ళాడు. గుంట అక్కడే ఉంది. అంచులు ఎండకి పగిలి, వానకి కాస్త కరిగాయి. అమ్మ ముఖం తిప్పేసుకుంది. తర్వాత మళ్ళీ తిప్పి చూసింది. చూసి, దగ్గరికి వెళ్ళి, వంగి చూసింది.

"ఇదేంటండీ, నలుచదరంగా ఉంది?"

"మొక్క గుంట నలుచదరంగా కాక ఎట్టా ఉంటది?" అన్నాడు నాన్న.

మా వైపు మామిడి పెట్టాలంటే ఎండాకాలంలోనే గుంట తీసి వదిలేస్తారు. మట్టి బాగా కాగాలి, పురుగు చావాలి. తొలకరి పడ్డాక ఎరువు కలిపి పూడ్చి మొక్క నాటుతారు. నలుచదరం, నడుము లోతుకి తక్కువ. అమ్మ పుట్టినప్పటి నుంచీ అలాంటి గుంటల మధ్యే తిరిగింది. చిన్నప్పుడు వాటిలో దాక్కుని ఆడుకునేదట. ఆ తెల్లవారుజామున కొవ్వొత్తి వెలుగులో అదే గుంటని చూసి పోల్చుకోలేకపోయింది.

రత్నంగారు గొంతు సవరించుకున్నారు. "తప్పు నాదమ్మా కరుణా. మట్టల ఆదివారం దాసు బట్టలకని ఊళ్ళోకి వచ్చినప్పుడు నేనే అడిగాను. మీ అమ్మ పక్క చోటు మీదే కదా, ముళ్ళు కొట్టించి, అవసరానికి సిద్ధంగా ఉంచమంటావా అని. మంచికే అనుకున్నాను. ఆ టైములో అడగకూడని మాట. ఈయనేం పలకలా. శనివారం వచ్చి సున్నం వేశాక గునపం ఇమ్మన్నాడు. నాకూ గుండె గుభేలుమంది. ఏంటి దాసూ ఇది అంటే, 'ఈ చోటు మొక్కకి ఇచ్చేశానండీ, ఇంకెవరికీ ఖాళీ లేదు,' అన్నాడు."

అమ్మ వంగినదల్లా లేచి నిలబడింది.

"ఆ మాట నాతో చెప్పడానికి మీకేమైంది?" అంది అమ్మ.

"చెబితే, ఆయన ఏం అడిగారో కూడా చెప్పాలిగా." నాన్న ఒక గంప ఎరువు మట్టి కుప్ప మీద ఒంపాడు. "నువ్వు వినకూడదనుకున్నా."

అమ్మ ఖాళీ గంప తీసుకుని నాన్న భుజం మీద ఒక్కటి వేసింది. తర్వాత ఇంకోటి. తర్వాత నాయనమ్మ సమాధి గట్టు మీద కూచుని నవ్వింది, ఏడ్చింది, "చూశారా అత్తమ్మా మీ కొడుకుని," అని ఆవిడకి చాడీ చెప్పింది.

"సమాధుల్లో కాసిన కాయ ఎవరు తింటారయ్యా దాసూ?" అన్నారు రత్నంగారు, వాతావరణం తేలిక చెయ్యడానికి.

"కోతులు తింటాయండీ. వాటికి పట్టింపు లేదు."

నాన్న మొక్క చుట్టూ మట్టి తొక్కుతున్నప్పుడు నేను అడిగాను. "నాన్నా, ఆసుపత్రిలో రోజూ నా గోరెందుకు నొక్కేవాడివి?"

ఆయన తల ఎత్తలేదు. "అంటు కట్టాక పుల్ల ఎండిపోయినట్టే ఉంటది. చూసినోళ్ళు చచ్చిందనే అంటారు. గోటితో తోలు కాస్త గీకి చూస్తే లోపల పచ్చి కనపడుద్ది. నిన్ను గీకలేను కదమ్మా. గోరు నొక్కితే తెల్లబడి, వదిలితే మళ్ళీ ఎర్రగా వచ్చేది. రోజూ చూశా. రోజూ పచ్చే."

మళ్ళీ శ్రమదినాలు

తర్వాత నెలలన్నీ నెమ్మదిగా గడిచాయి. కుర్చీ పోయి వాకర్ వచ్చింది, వాకర్ పోయి చేతికర్ర వచ్చింది. కుడి పాదం ఇప్పటికీ సగం మొద్దే. గొంతు మీద గొట్టం మచ్చ ఉంది. చాలాకాలం చున్నీతో కప్పుకుని తిరిగాను.

చర్చిలో అందరూ నా చెయ్యి పట్టుకుని, "దేవుడు నిన్ను మరణంలోంచి లేపాడు," అనేవాళ్ళు. ప్రేమతోనే అనేవాళ్ళు. నాకు మాత్రం ఆ మాట గొంతు దిగేది కాదు. నేను చావలేదు, జబ్బు పడి బాగుపడ్డాను. ఎప్పుడో ఒకనాడు నేనూ పోతాను. వెంకటేశ్వర్లు బాగుపడలేదు. ఈస్టర్ అనేది బాగుపడినవాళ్ళ పండుగ మాత్రమే అయితే, నేను వెంకాయమ్మ ముఖం ఎలా చూడను?

దాని గురించి చాలా చదివాను, డైరీలో చాలా రాసి కొట్టేశాను. చివరికి నాకు మిగిలింది ఇది. యేసు చావుని తప్పించుకోలేదు. దానిలోకి వెళ్ళాడు, పూడ్చిపెట్టబడ్డాడు, అవతలి నుంచి వచ్చాడు. అందుకే ఆ మాట నాకంటే నాయనమ్మకి ఎక్కువ చెందుతుంది. ఇంకా లేవని వాళ్ళందరికీ చెందుతుంది. ఆ పొద్దున తెరుచుకున్న సమాధిని చూసి ఆడవాళ్ళకి మొదట సంతోషం కలగలేదు, భయం వేసింది. మనం పండుగ హడావుడిలో ఆ సంగతి దాటేస్తాం. మా అమ్మ కొవ్వొత్తి పడేసి పరుగెత్తింది చూడండి, అలాగే. మరియ ఎందుకు పోల్చుకోలేదో నాకిప్పుడు తెలుసు. ఏడుపు నిండిన కళ్ళకి ప్రేమించేవాడి పని కూడా గోరీ తవ్వినట్టే కనపడుతుంది. ఇంకొకటి. లేచి వచ్చాక కూడా ఆయన చేతుల్లో మేకుల గాయాలు అలాగే ఉన్నాయి. వాటిని దాచుకోలేదు, చూపించాడు. అది చదివిన రోజు నేను చున్నీ తీసేశాను.

ఈ ఏడు పాస్టరుగారు ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో నన్ను, నాకు జరిగింది అందరి ముందు సాక్ష్యంగా చెప్పమన్నారు. వద్దనడానికి కూడా నాకు గొంతు రాలేదు, అది ఒప్పుకున్నట్టే అయింది.

ఈలోగా మొక్కకి కష్టం వచ్చింది. శీతాకాలంలో మేక ఒకటి చిగుళ్ళు కొరికింది. మార్చిలోనే వడగాలి మొదలై, ఉన్న ఆకులు కూడా రాలాయి. అమ్మ రోజూ బిందెతో నీళ్ళు మోసింది. అయినా పండుగ నాటికి అది ఒట్టి పుల్ల.

"ఎవరూ చూడకముందే ఇంకోటి నాటెయ్యండి," అంది అమ్మ శనివారం, సున్నం బకెట్టు పట్టుకుని. "అందరూ దీన్ని చూసి, దాన్ని చూస్తారు." దాన్ని అంటే నన్ను.

"అది బతికే ఉంది," అన్నాడు నాన్న. అంతకుమించి చెప్పలేదు.

తెల్లవారుజామున

చేతికర్రతో నడిచే వెళ్ళాను. దారి పొడుగునా కొవ్వొత్తులు. అమ్మ ముందు పాట ఎత్తుకుంది. నాయనమ్మ సమాధి తెల్లగా మెరుస్తోంది, పక్కన పుల్ల. అమ్మ నాయనమ్మ తలాపున ఒక కొవ్వొత్తి పెట్టి, మొక్క మొదట్లో ఇంకోటి పెట్టింది.

"అదెవరికి వదినా?" అంది అత్త.

"వెంకటేశ్వర్లుకి."

"వాళ్ళు మనవాళ్ళు కాదుగా."

"వెంకాయమ్మ దుప్పటి కప్పుకున్నప్పుడు నేను అడగలేదు సువార్తా, ఎవరివాళ్ళని."

అత్త తన చేతిలో బంతిపూలు సగం తీసి అక్కడ పెట్టింది.

పాస్టరుగారు నా పేరు పిలిచారు. రాసుకున్న కాగితం చేతిలో ఉంది. అందరూ నా వైపు తిరిగారు. కొందరి చూపులు పుల్ల మీద పడి, చటుక్కున పక్కకి తప్పుకున్నాయి. జాలిగా. అది నాకు కనపడింది. కాగితం మీద ఒక్క అక్షరం కనపడలేదు. గేటు దగ్గర, ఏటా ఈ ఆరాధనలో తను నిలబడే చోటే, నాన్న నిలబడి ఉన్నాడు.

నేను చేతికర్ర అమ్మకి ఇచ్చాను. నాయనమ్మ సమాధి గట్టు పట్టుకుని మోకాళ్ళ మీద దిగాను. దిగడానికి చాలాసేపు పట్టింది, అందరూ ఆగారు. మొక్క కాండాన్ని ఎడమచేత్తో పట్టుకుని, కుడి బొటనవేలి గోటితో తోలు కాస్త గీకాను. గోరు మొదట జారింది. మళ్ళీ గీకాను. తూర్పున అప్పుడే తెలుపు వస్తోంది. అమ్మ కొవ్వొత్తి కిందికి వంచింది.

"పచ్చి ఉంది," అన్నాను.

వెనక ఉన్నవాళ్ళకి వినపడలేదు. "ఏంటంట?" అన్నారెవరో.

"పచ్చి ఉంది నాన్నా," అన్నాను, ఈసారి గేటు దాకా వినపడేలా.